డిప్లొమా నుంచి కంప్యూటర్ సైన్స్ బీటెక్‌కి: ఈసెట్ దారి పదో తరగతి తర్వాతే మొదలవుతుంది

పదో తరగతి ఫలితాలు రాగానే మన ఇళ్ళల్లో మొదలయ్యే చర్చ అందరికీ తెలిసిందే. పిల్లవాడిని ఇంటర్ ఎంపీసీలో వేయాలా, పాలిటెక్నిక్‌లో వేయాలా? ఇంట్లో పెద్దవాళ్ళు ఒక మాట అంటారు: "డిప్లొమా చేస్తే ఫ్యాక్టరీలో పని దొరుకుతది గానీ సాఫ్ట్‌వేర్ ఎక్కడొస్తది?" బయట ఎవరో ఒక ఏజెంటు ఇంకో మాట చెబుతాడు: "డిప్లొమాలో వేసేయండి భాయ్, మూడేళ్ళు కాగానే డైరెక్టుగా బీటెక్ సెకండియర్, సీఎస్‌ఈ గ్యారంటీ."

ఈ రెండు మాటలూ నిజం కాదు. డిప్లొమా చదివి హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో చాలామంది ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరినవాళ్ళే. అయితే ఆ దారిలో గ్యారంటీ అంటూ ఏదీ లేదు. సీట్లు తక్కువ, నియమాలు గట్టివి. పైగా సీఎస్‌ఈ సీటు వస్తుందా రాదా అన్నది ఈసెట్ రాసే రోజు కంటే చాలా ముందే సగం తేలిపోతుంది. పదో తరగతి అయిన పిల్లవాడు ఏ బ్రాంచి తీసుకున్నాడు, మొదటి ఏడాది లెక్కలు ఎట్లా చదివాడు అన్నవే దాన్ని తేల్చేస్తాయి. మన కుటుంబాలు ఎక్కువగా దెబ్బతినేది కూడా ఇక్కడే. అందుకే ఈ దారిని మొదటి నుంచి చివరి దాకా వరుసగా చూద్దాం.

సంవత్సరం వృథా అవుతుందా?

ముందు ఈ భయం తీర్చుకుందాం. ఇంటర్ రెండేళ్ళు, బీటెక్ నాలుగేళ్ళు కలిపితే ఆరేళ్ళు. డిప్లొమా మూడేళ్ళు, తర్వాత రెండో ఏడాది నుంచి బీటెక్ మూడేళ్ళు కలిపినా ఆరేళ్ళే. పదో తరగతి కలిసి పాసైన ఇద్దరు స్నేహితులు ఈ రెండు దారుల్లో వెళ్ళినా, ఎక్కడా ఆగకపోతే, ఒకే ఏడాది ఇంజినీర్లవుతారు.

తేడా మధ్యలో ఉంది. ఇంటర్ దారిలో వెళ్ళిన అబ్బాయి బీటెక్ మధ్యలో మానేస్తే చేతిలో ఇంటర్ మెమో మాత్రమే ఉంటుంది. డిప్లొమా దారిలో వెళ్ళిన అబ్బాయికి మూడేళ్ళకే ఒక అర్హత చేతికొస్తుంది. ఇంట్లో పరిస్థితి బాగోకపోతే ఉద్యోగంలో చేరొచ్చు, బాగుంటే ముందుకు చదవొచ్చు. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఫీజు ఏడాదికి కొన్ని వేల రూపాయలే. కార్పొరేట్ ఇంటర్ కాలేజీల్లో లక్షల్లో కట్టే ఫీజు పక్కన పెట్టి చూస్తే ఇది ఎంత తేడానో మీకే తెలుస్తుంది. నెల జీతం మీదనో, రోజు కూలీ మీదనో నడిచే ఇంటికి ఇది చిన్న విషయం కాదు.

మొదటి తలుపు: పాలీసెట్, బ్రాంచి

పాలిటెక్నిక్‌లో చేరాలంటే పదో తరగతి తర్వాత పాలీసెట్ రాయాలి. ఇంజినీరింగ్ బ్రాంచిలకు లెక్కలు 60, ఫిజిక్స్ 30, కెమిస్ట్రీ 30, మొత్తం 120 మార్కులు. పదో తరగతి సిలబస్ నుంచే ప్రశ్నలొస్తాయి. వచ్చిన ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో కాలేజీ, బ్రాంచి దొరుకుతాయి. హైదరాబాద్‌లో మాసబ్‌ట్యాంక్ ప్రభుత్వ పాలిటెక్నిక్, పాతబస్తీ చందూలాల్ బారాదరిలోని కులీ కుతుబ్ షా ప్రభుత్వ పాలిటెక్నిక్, రామంతాపూర్‌లోని జేఎన్ ప్రభుత్వ పాలిటెక్నిక్ పాత పేర్లు. ఆడపిల్లలకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లోని కమలా నెహ్రూ పాలిటెక్నిక్ ఉంది.

ఇక్కడే అసలు విషయం. ఈసెట్‌లో ఏ బ్రాంచి డిప్లొమా చదివినవాళ్ళు ఆ బ్రాంచి పేపరే రాయాలి. ఏ డిప్లొమా వాళ్ళు ఏ బీటెక్ బ్రాంచిలో చేరొచ్చో ఒక పట్టిక ఉంటుంది. సివిల్ డిప్లొమా చేసిన అబ్బాయి ఈసెట్‌లో ఎంత పెద్ద ర్యాంకు తెచ్చుకున్నా కంప్యూటర్ సైన్స్ సీటు రాదు. మెకానికల్ వాళ్ళదీ అదే పరిస్థితి. "ఏదో ఒక బ్రాంచిలో చేర్పిద్దాం, తర్వాత బీటెక్‌లో మార్చుకోవచ్చు" అనుకునేవాళ్ళు మూడేళ్ళ తర్వాత ఈ గోడకే తగులుతారు.

అందుకని పిల్లలకు కంప్యూటర్ వైపే వెళ్ళాలని గట్టిగా ఉంటే పాలీసెట్ కౌన్సెలింగ్‌లోనే కంప్యూటర్ బ్రాంచి కోసం చూడాలి. ఇంటికి దగ్గరున్న కాలేజీలో సివిల్, కాస్త దూరంలో ఉన్న కాలేజీలో కంప్యూటర్ వస్తే, బస్సు దూరం ఒక్కటే చూసి నిర్ణయం తీసుకోకండి. పక్క బ్రాంచి ఏదైనా వస్తే చేరేముందే ఈసెట్ బ్రోచర్‌లోని ఆ పట్టిక తీసి చూడండి.

ఇప్పటికే వేరే బ్రాంచి డిప్లొమా పూర్తిచేసినవాళ్ళకు ఒక దారి ఉంది. డిప్లొమా పాసైనవాళ్ళు ఇంటర్ పిల్లలు రాసే ఈఏపీసెట్ కూడా రాయొచ్చు. అందులో ర్యాంకు వస్తే బీటెక్ సీఎస్‌ఈ మొదటి ఏడాది నుంచి చేరొచ్చు. ఒక ఏడాది ఎక్కువ పడుతుంది, ఇంటర్ సిలబస్ కొత్తగా చదవాలి. కష్టమైనదే గానీ మూసుకుపోయిన దారి కాదు.

ఐటీఐ చదివిన పిల్లల సంగతి కూడా చెప్పాలి. వాళ్ళు ఎల్‌పీసెట్ రాసి డిప్లొమా రెండో ఏడాదిలో చేరొచ్చు. అంటే ఐటీఐ నుంచి డిప్లొమాకి, అక్కడి నుంచి బీటెక్‌కి మెట్లు ఉన్నాయి. కాకపోతే ట్రేడుకు తగ్గ బ్రాంచే దొరుకుతుంది.

ఈసెట్‌లో ఏముంటుంది?

ఇంతకుముందు టీఎస్ ఈసెట్ అనేవాళ్ళు, ఇప్పుడు టీజీ ఈసెట్. తెలంగాణ ఉన్నత విద్యామండలి తరఫున ఒక విశ్వవిద్యాలయం నిర్వహిస్తుంది. 2024, 2025 పరీక్షలను ఉస్మానియా నిర్వహించింది. ఈ రెండేళ్ళూ పరీక్ష మే నెలలోనే జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఈసెట్ అని వేరే పరీక్ష ఉంటుంది.

మూడు గంటల్లో 200 ప్రశ్నలు, ప్రశ్నకు ఒక మార్కు. తప్పు జవాబుకు మార్కులు తీసేయరు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దు. లెక్కలు 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, బ్రాంచి సబ్జెక్టులు 100. కంప్యూటర్ పేపర్‌లో డిజిటల్ ఎలక్ట్రానిక్స్, సీ భాష, డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్, నెట్‌వర్క్స్, జావా లాంటివి వస్తాయి. ప్రశ్నపత్రం ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగు, ఉర్దూ మీడియంలో పదో తరగతి చదివిన పిల్లలు దీనికి మొదటి నుంచే అలవాటు పడాలి.

అర్హత మార్కులు 25 శాతం, అంటే 200లో 50. ఎస్సీ, ఎస్టీలకు ఈ కనీస మార్కుల నిబంధన లేదు. డిప్లొమాలో మొత్తం మీద 45 శాతం, రిజర్వుడు వర్గాలకు 40 శాతం ఉండాలి. ఇది పాస్ గీత మాత్రమే. పేరున్న కాలేజీలో సీఎస్‌ఈ సీటుకు ఈ గీత ఎందుకూ చాలదు. అక్కడ లెక్క ర్యాంకుదే.

ఆ మార్కుల లెక్క ఒకసారి మళ్ళీ చూడండి. 200లో 100 మార్కులు లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీలవే. ఫిజిక్స్, కెమిస్ట్రీలను డిప్లొమా పిల్లలు మొదటి ఏడాదిలోనే చదివి వదిలేస్తారు. మూడో ఏడాదికి వచ్చేసరికి బ్రాంచి సబ్జెక్టులు గుర్తుంటాయి గానీ కెమిస్ట్రీ సమీకరణాలు ఎవరికీ గుర్తుండవు. ఫలితాల్లో వెనకపడే పిల్లలు చాలామంది ఇక్కడే వెనకపడతారు. మొదటి ఏడాది పుస్తకాలు, నోట్సులు పాత పేపర్ల వాడికి అమ్మేయకుండా దాచుకోమని పిల్లలకు చెప్పండి. మూడో ఏడాదిలో ఆ నోట్సులే పనికొస్తాయి.

బీఎస్సీ మ్యాథమెటిక్స్ చదివినవాళ్ళకు కూడా ఈసెట్ ఉంది. వాళ్ళ పేపర్ వేరు: లెక్కలు 100, అనలిటికల్ ఎబిలిటీ 50, ఇంగ్లీషు 50. అయితే ఏఐసీటీఈ నిబంధనల ప్రకారం ఈ సీట్లలో డిప్లొమా వాళ్ళకు ఇచ్చాకే బీఎస్సీ వాళ్ళ వంతు వస్తుంది. చేరాక మొదటి ఏడాది ఇంజినీరింగ్ డ్రాయింగ్, మెకానిక్స్ సబ్జెక్టులు కూడా పూర్తి చేయాలి.

సీట్లు ఎన్ని?

గ్యారంటీ అనే మాట ఎందుకు తప్పో ఇక్కడ అర్థమవుతుంది. లేటరల్ ఎంట్రీకి ఒక బ్రాంచిలో మంజూరైన సీట్లలో 10 శాతం అదనంగా ఇస్తారు. 60 సీట్ల సెక్షన్ ఒకటి ఉంటే ఆరు సీట్లు. ఒక కాలేజీలో సీఎస్‌ఈ 180 సీట్లుంటే 18. మొదటి ఏడాదిలో నిండకుండా మిగిలిన సీట్లు కూడా దీనికి కలిసే వీలు నిబంధనల్లో ఉంది. కానీ పెద్ద కాలేజీల్లో సీఎస్‌ఈ సీట్లు మిగలడం అరుదు. మిగిలేవి ఎక్కువగా సివిల్, మెకానికల్ లాంటి బ్రాంచిల్లో, లేదా పేరులేని కాలేజీల్లో.

కాబట్టి సీఎస్‌ఈ అనే పేరు ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోవద్దు. ఐటీ, ఏఐ అండ్ ఎంఎల్, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ లాంటి బ్రాంచిల్లో చదివే ముఖ్యమైన సబ్జెక్టులు చాలావరకు ఒకటే. మంచి కాలేజీలో ఐటీ వస్తే, ల్యాబులు, అధ్యాపకులు సరిగా లేని కాలేజీలో సీఎస్‌ఈ కంటే అదే మేలు.

హైదరాబాద్‌లో ఈసెట్ ద్వారా చేరే వీలున్న కాలేజీల్లో ఉస్మానియా యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీ, కూకట్‌పల్లి జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ముందు వరుసలో ఉంటాయి. గండిపేటలో సీబీఐటీ, ఎంజీఐటీ, ఇబ్రహీంబాగ్‌లో వాసవి, బాచుపల్లిలో వీఎన్‌ఆర్ విజ్ఞాన జ్యోతి ఉన్నాయి. మన మైనారిటీ సంస్థల్లో 1980లో మొదలైన బంజారాహిల్స్‌లోని ముఫ్ఫఖం జా, దారుస్సలాంలోని దక్కన్ కాలేజీ అందరికీ తెలిసినవే.

ఒక్క అపోహ తీసేయాలి. ఐఐటీల్లో, ఎన్‌ఐటీల్లో ఈసెట్ చెల్లదు. అక్కడ బీటెక్‌కు జేఈఈయే దారి.

గచ్చిబౌలిలో ఉర్దూ దారి

ఐటీ కారిడార్ నడిబొడ్డున, గచ్చిబౌలిలో, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. 1998లో ఏర్పడిన ఈ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఉర్దూ మీడియం పాలిటెక్నిక్ కూడా ఉంది. కంప్యూటర్ సైన్స్‌లో డిప్లొమా ఉంది, బీటెక్ ఉంది. ప్రవేశాలు పాలీసెట్, ఈసెట్‌తో సంబంధం లేకుండా విశ్వవిద్యాలయం సొంత నోటిఫికేషన్ ద్వారా జరుగుతాయి. డిప్లొమా వాళ్ళకు బీటెక్‌లో లేటరల్ ఎంట్రీ కూడా ఇస్తుంది. పదో తరగతిలో ఉర్దూ మీడియంలోనో, ఉర్దూ ఒక సబ్జెక్టుగానో చదివి ఉండాలన్నది ముఖ్యమైన షరతు.

జిల్లాల్లో తెలుగు మీడియంలో చదివి ఇంట్లో మాత్రమే ఉర్దూ మాట్లాడే పిల్లలు ఈ షరతు దగ్గర ఆగిపోతున్నారు. చిన్న తరగతుల్లో ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఈ సంగతి ఇప్పుడే ఆలోచించుకోవచ్చు. అక్కడ డిప్లొమా చేసి బయట ఈసెట్ రాయాలనుకునేవాళ్ళు మాత్రం చేరేముందే ఈసెట్ అర్హత నిబంధనలు చదువుకోవాలి.

బీసీ-ఈ, బీసీ-బీ, ఈడబ్ల్యూఎస్: ఏది మనది?

కౌన్సెలింగ్ రోజు మన కుటుంబాలు ఎక్కువగా తికమకపడేది కేటగిరీ దగ్గర. ముస్లిం అనగానే బీసీ-ఈ అనుకుంటారు. అది సరికాదు. 2007లో వచ్చిన చట్టం ప్రకారం ముస్లింలలో సామాజికంగా వెనకబడిన కొన్ని వర్గాలకు మాత్రమే బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. సయ్యద్, మొఘల్, పఠాన్, ఇరానీ, అరబ్ లాంటి వర్గాలు అందులో లేవు. తెలుగు మాట్లాడే దూదేకుల, నూర్‌బాష్, పింజారి, లద్దాఫ్ కుటుంబాలు బీసీ-బీలో ఉన్నాయి, బీసీ-ఈలో కాదు. తప్పు కేటగిరీ రాస్తే వెరిఫికేషన్ దగ్గర ఆగిపోతారు.

ఏ రిజర్వేషన్ కిందికీ రాని కుటుంబాలు, ఏడాది ఆదాయం 8 లక్షల లోపుంటే, ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. ఇది ప్రతి ఆర్థిక సంవత్సరానికీ కొత్తగా తీసుకోవాలి. ఆడపిల్లలకు ప్రతి కేటగిరీలో మూడో వంతు సీట్లు ఉంటాయి.

ఇక ఫీజు. కన్వీనర్ కోటాలో సీటు వచ్చిన బీసీ, మైనారిటీ విద్యార్థులకు ఈపాస్ ద్వారా ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. ఆదాయ పరిమితి పట్టణాల్లో 2 లక్షలు, గ్రామాల్లో లక్షన్నర. ఇంజినీరింగ్‌కు సాధారణంగా ఏడాదికి 35 వేల దాకా వస్తుంది. పేరున్న ప్రైవేటు కాలేజీల్లో కొన్నిటి ఫీజు లక్ష దాటుతుంది. ఆ తేడా ఇంటి నుంచే కట్టాలి. పైగా ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యంగా రావడం, ఈలోపు కాలేజీ తల్లిదండ్రుల్ని అడగడం కొత్తేమీ కాదు. వెబ్ ఆప్షన్లు పెట్టేముందే కాలేజీ ఫీజెంత, మన చేతి నుంచి పడేదెంత అని కాగితం మీద రాసుకోండి. సీటు వచ్చాక అప్పు కోసం తిరగడం కంటే ఇది నయం.

చివర్లో మిగిలిన సీట్లకు కాలేజీల్లో స్పాట్ అడ్మిషన్లు జరుగుతాయి. అట్లా చేరినవాళ్ళకు రీయింబర్స్‌మెంట్ రాదు. "ఇప్పుడు చేరండి, స్కాలర్‌షిప్ తర్వాత చూసుకుందాం" అని ఎవరైనా అంటే నమ్మకండి.

కాగితాలు, వెబ్ ఆప్షన్లు

ఫలితాల తర్వాత కౌన్సెలింగ్ ఆన్‌లైన్‌లో మొదలవుతుంది. ఫీజు కట్టి స్లాట్ బుక్ చేసుకోవాలి, హెల్ప్‌లైన్ కేంద్రంలో సర్టిఫికెట్లు చూపించాలి, వెబ్ ఆప్షన్లు పెట్టాలి, సీటు అలాట్ అయ్యాక చెప్పిన గడువులో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి. ఒక్క గడువు దాటినా సీటు పోతుంది.

కావలసినవి: ఈసెట్ ర్యాంక్ కార్డు, పదో తరగతి మెమో, డిప్లొమా మెమోలన్నీ, ప్రొవిజనల్ సర్టిఫికెట్, టీసీ, గత ఏడేళ్ళ స్టడీ సర్టిఫికెట్లు, ఆధార్, కుల ధ్రువపత్రం, తహసీల్దార్ ఇచ్చిన తాజా ఆదాయ ధ్రువపత్రం. పాత స్కూలు మూతపడితేనో, ఆధార్‌లో పేరు ఒకలా మెమోలో ఇంకోలా ఉంటేనో చివరి రోజున సరిచేయడం కుదరదు. మహమ్మద్ అని ఒకచోట, ఎండీ అని ఇంకోచోట ఉండటం మన ఇళ్ళల్లో మామూలే. డిప్లొమా మూడో ఏడాది మొదట్లోనే మీ సేవలో ఈ పనులు ముగించండి.

వెబ్ ఆప్షన్లలో నిజంగా ఏది ముందు కావాలో అదే ముందు పెట్టాలి. పై ఆప్షన్ రాకపోతే సిస్టమ్ తర్వాతి ఆప్షన్‌కు వెళుతుంది. "నా ర్యాంకుకు రాదేమో" అని మంచి కాలేజీని కిందికి తోయడం వల్ల లాభం లేదు. అట్లాగే చేరే ఉద్దేశం లేని కాలేజీని పెట్టొద్దు. ఇంటర్నెట్ సెంటర్ అబ్బాయి చేత ఆప్షన్లు పెట్టించి పాస్‌వర్డ్ అతని దగ్గరే వదిలేయకండి. పిల్లవాడు తల్లిదండ్రుల పక్కన కూర్చుని తానే పెట్టాలి.

సీటు వచ్చింది, ఇక అయిపోయినట్టేనా?

కాదు. సగం మంది లేటరల్ పిల్లలకు అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది.

వాళ్ళు చేరే క్లాసులో మిగతా పిల్లలు ఇంటర్‌లో రెండేళ్ళు, బీటెక్ మొదటి ఏడాది మొత్తం లెక్కలు చదివి ఉంటారు. ప్రోగ్రామింగ్ ఒక ఏడాది చేసి ఉంటారు. జేఎన్‌టీయూ ఆర్22 సిలబస్ తీసుకుంటే రెండో ఏడాది సీఎస్‌ఈలో డేటా స్ట్రక్చర్స్, కంప్యూటర్ ఆర్గనైజేషన్, జావా, స్టాటిస్టికల్ మెథడ్స్, డిస్క్రీట్ మ్యాథమెటిక్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్ అన్నీ వరుసగా వచ్చేస్తాయి. ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్, జావా డిప్లొమా పిల్లలకు కొత్త కాదు. ల్యాబులో వాళ్ళే ముందుంటారు. తడబడేది లెక్కల దగ్గర, పొడుగు జవాబులు ఇంగ్లీషులో రాయడం దగ్గర.

ఆర్22లో బీటెక్ మొత్తం 160 క్రెడిట్లు. లేటరల్ విద్యార్థి మూడేళ్ళలో 120 సంపాదించాలి. మొదటి ఏడాది మార్కులు లేవు కాబట్టి సీజీపీఏ ఆరు సెమిస్టర్ల మీదే తేలుతుంది. ఎనిమిది సెమిస్టర్లు ఉన్నవాళ్ళకు ఒక సెమిస్టర్ పాడైతే సర్దుకునే వీలుంటుంది, వీళ్ళకు ఆ వీలు తక్కువ. క్యాంపస్ నియామకాలు సాధారణంగా నాలుగో ఏడాది మొదట్లో మొదలవుతాయి. అంటే మామూలు విద్యార్థికి సిద్ధం కావడానికి మూడేళ్ళుంటే లేటరల్ విద్యార్థికి రెండేళ్ళే.

ఈ కొరత తీర్చుకునే సమయం ఒకటుంది. మేలో ఈసెట్ రాసిన తర్వాత బీటెక్ క్లాసులు మొదలయ్యే దాకా కొన్ని వారాలు దొరుకుతాయి. ఆ వారాల్లో బీటెక్ మొదటి ఏడాది లెక్కల పుస్తకం తీసి మాట్రిసెస్, కాలిక్యులస్ చూసుకోవాలి, రోజూ కొన్ని ప్రోగ్రాములు సొంతంగా రాయాలి. భారత ప్రభుత్వ ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. కోచింగ్ ఫీజు అక్కర్లేదు.

కంపెనీలు డిప్లొమా వాళ్ళను చిన్నచూపు చూస్తాయా?

1998 నవంబర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుంచి మాదాపూర్, గచ్చిబౌలి వైపు వచ్చిన కంపెనీల్లో చాలావాటి నియామక నోటిఫికేషన్లు చూస్తే ఒకే రకం మాట కనిపిస్తుంది: పదో తరగతి, ఇంటర్ లేదా డిప్లొమా, డిగ్రీ అన్నింటా 60 శాతం. ఇంటర్ స్థానంలో డిప్లొమాను లెక్కలోకి తీసుకుంటారు. బీటెక్ పట్టా మీద లేటరల్ వాళ్ళకు వేరే రంగు ఉండదు.

కానీ ఆ 60 శాతం సంగతి మరిచిపోవద్దు. ఈసెట్‌కు 45 శాతం చాలు, ఉద్యోగానికి చాలదు. డిప్లొమాను "ఎట్లాగో పాసైతే చాలు, బీటెక్‌లో చూసుకుందాం" అని 52 శాతంతో గట్టెక్కిన అబ్బాయి బీటెక్‌లో ఎంత బాగా చదివినా కొన్ని కంపెనీల తొలి వడపోతలోనే ఆగిపోతాడు. డిప్లొమా మొదటి సెమిస్టర్ మార్కులు ఆరేళ్ళ తర్వాత కూడా అడుగుతారని పిల్లలకు ఇప్పుడే చెప్పాలి.

పై చదువులకు బయటి దేశం వెళ్ళాలనుకునేవాళ్ళు డిప్లొమా మెమోలు కూడా జాగ్రత్తగా దాచుకోవాలి. బీటెక్ ట్రాన్‌స్క్రిప్ట్‌లో మూడేళ్ళే కనిపిస్తాయి కాబట్టి మిగతా చదువు ఎక్కడ చేశారని అక్కడి విశ్వవిద్యాలయాలు అడుగుతాయి.

అమెరికాలోని బంధువులు చెప్పే కమ్యూనిటీ కాలేజీ

డల్లాస్‌లోనో, కాలిఫోర్నియాలోనో ఉన్న మామూ, ఖాలా ఫోన్‌లో "ఇక్కడ కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళు చదివి పెద్ద యూనివర్సిటీకి మారిపోతారు" అని చెప్పడం వినే ఉంటారు. అక్కడి పద్ధతి కూడా మన డిప్లొమా దారి లాంటిదే. తక్కువ ఫీజు కాలేజీలో మొదలుపెట్టి మూడో ఏడాది నుంచి పెద్దచోట చేరడం. తేడా ఏమిటంటే అక్కడ ఒక్క పరీక్ష ర్యాంకు కాకుండా రెండేళ్ళ మార్కులు, చదివిన సబ్జెక్టులు చూస్తారు.

అక్కడ కూడా కంప్యూటర్ సైన్స్ దగ్గరే తలుపు ఇరుకవుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆరు క్యాంపస్‌లు కమ్యూనిటీ కాలేజీ పిల్లలకు షరతుల మీద ప్రవేశ హామీ ఇస్తాయి. బర్క్లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగో ఆ హామీ ఇవ్వవు. హామీ ఇచ్చే చోట కూడా కంప్యూటర్ సైన్స్‌ను మినహాయించే క్యాంపస్‌లున్నాయి. అక్కడి పిల్లలు మొదటి సెమిస్టర్‌లోనే ఏ లెక్కల కోర్సు తీసుకోవాలో చూసుకుంటారు. మన పిల్లలు కూడా అంతే ముందుగా చూసుకోవాలి.

ఇంట్లో గోడకు అంటించుకోవాల్సిన లెక్క

పదో తరగతి: పాలీసెట్‌లో లెక్కల 60 మార్కుల మీద దృష్టి పెట్టాలి. కంప్యూటర్ కావాలంటే కౌన్సెలింగ్‌లో ఆ బ్రాంచే ముందు పెట్టాలి.

డిప్లొమా మొదటి ఏడాది: లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ నోట్సులు శుభ్రంగా రాసి దాచుకోవాలి. ఒక్క సబ్జెక్టు కూడా మిగలకూడదు.

రెండో ఏడాది: సీ, డేటా స్ట్రక్చర్స్ చేత్తో రాసి, కంప్యూటర్ మీద నడిపి నేర్చుకోవాలి. వారానికి రెండు రోజులు మొదటి ఏడాది లెక్కలు తిరగేయాలి.

మూడో ఏడాది: సర్టిఫికెట్లు, పేర్ల సవరణలు డిసెంబర్‌లోపు ముగించాలి. పాత ఈసెట్ పేపర్లు మూడు గంటలు గడియారం పెట్టుకుని రాయాలి.

ఈసెట్ తర్వాత: సెలవు అనుకోవద్దు. లెక్కలు, ప్రోగ్రామింగ్ చూసుకోవాలి.

మన ఇళ్ళల్లో పెద్ద కొడుకు డిప్లొమాతో ఆగిపోయి దుకాణంలో కూర్చోవడం, చెల్లెలికి "ఇంక చాలు" అనడం ఇప్పటికీ ఉంది. డబ్బు లేక ఆగిన చదువులు కొన్నైతే, ముందుకు దారి ఉందని ఎవరూ చెప్పక ఆగినవి ఇంకొన్ని. ఈ ఏడాది పదో తరగతి రాసే పిల్లలు మీ ముహల్లాలో ఎవరున్నా, పాలీసెట్ దరఖాస్తు తేదీ దాటకముందే వాళ్ళ ఇంటికి వెళ్ళి ఈ మాటలు చెప్పండి.